అర్జీ ఏ గుమ్మానికి?

ప్రజాప్రతినిధి ఊరికి వచ్చినప్పుడు మహల్లా పెద్దలు అర్జీ చేతికిస్తారు. ‘చూస్తాను’ అన్న మాటతో తృప్తిపడతారు. ఆ కాగితం ఏ దారిన నడుస్తుందో విచారించేవారు తక్కువ.

ద్వారకా తిరుమల సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో ఈ మండలం ఏలూరు జిల్లాలో చేరింది. దీని శాసనసభ స్థానం గోపాలపురం, లోక్‌సభ స్థానం రాజమండ్రి. 2024 ఎన్నికల్లో మద్దిపాటి వెంకటరాజు, దగ్గుబాటి పురందేశ్వరి గెలిచారు. అయితే గోపాలపురంలోని తక్కిన మండలాలు తూర్పు గోదావరి జిల్లావి. అంటే ఒకే శాసనసభ్యునికి ఇద్దరు కలెక్టర్లు!

పార్లమెంటు సభ్యుల నిధి 1993లో మొదలైంది. 2011-12 నుంచి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. ఆ సొమ్ము సభ్యుని చేతికి రాదు. సిఫారసు సభ్యునిది, మంజూరు జిల్లా అధికారులది. ప్రార్థనా స్థలాలకు, మత సంస్థల భూములలో పనులకు దానిని వాడరాదు. మసీదుకైనా, మందిరానికైనా, చర్చికైనా నిబంధన ఒక్కటే. మసీదు మరమ్మతు కోరిన అర్జీ అక్కడే ఆగిపోతుంది. వీధికి రోడ్డు, మురుగు కాల్వ, మంచినీరు, సర్కారు బడికి గది అడిగితే ఆ అడ్డు ఉండదు. ఇరుగుపొరుగు వారికీ మేలు కలుగుతుంది.

కనుక పని ఏమిటో, స్థలం ఎవరిదో స్పష్టంగా వ్రాయండి. ప్రతినిధికి ఇచ్చిన అర్జీ నకలును సోమవారం ఏలూరు కలెక్టరేటులోనూ ఇచ్చి, రసీదు భద్రపరచండి. ప్రజాధనం అమానత్. ఇచ్చేవారితోపాటు అడిగేవారికీ దాని బాధ్యత ఉంది.