రీల్ పిడి ఏ దిక్కు ఉండాలి?

ఉప్పల్, నాచారం వైపు కుర్రాళ్లు ఈమధ్య నన్ను మ్యాచ్ టికెట్ల సంగతి అడగడం తగ్గించారు. గాలానికి రీల్ ఏది కొనాలని అడుగుతున్నారు. అంతా ఫోన్‌లో కనిపించే ఇంకో రకం రీల్స్ మహిమ. ఎక్కడో కేరళ కాలవలో ఒకడు కొర్రమీను లాగుతుంటాడు. ఇక్కడ మనవాడు మెట్రోలో నిలబడి అది చూస్తూనే ఆర్డర్ పెట్టేస్తాడు. రెండు రోజుల్లో డబ్బా ఇంటికొస్తుంది. విప్పి చూశాక నాకు మెసేజ్: "అన్నా, పిడి ఎడమ దిక్కున్నది. నాది కుడిచేతి వాటం గదా. తప్పు పీస్ పంపిండ్రా?"

తప్పు పీస్ కాదు తమ్ముడూ. కుడిచేతి వాటం వాడికి స్పిన్నింగ్ రీల్ పిడి ఎడమ దిక్కే ఉండాలి. అయితే ఇంతే చెప్పి వదిలేస్తే లాభం లేదు. ఎందుకో తెలిస్తేనే దాన్ని ఎవరు అలాగే ఉంచుకోవాలో, ఎవరు అటు మార్చుకోవాలో తేలుతుంది. ఈ వారం అదే మాట్లాడుకుందాం.

కష్టమైన పని ఏ చేతిది?

గాలం వేసేటప్పుడు రెండు చేతులకీ రెండు వేర్వేరు పనులుంటాయి. ఒక చెయ్యి రాడ్ పట్టుకుంటుంది. గురి చూసి విసరడం దాని పనే. చేప ఎరను కొరుకుతోందా, ఊరికే ముక్కుతో పొడుస్తోందా అని కనిపెట్టడమూ దాని పనే. సరైన క్షణంలో గుంజాలి, చేప గుర్రపుడెక్కలోకి దూరబోతే పక్కకి మళ్లించాలి, లైన్ తెగకుండా రాడ్ వంపు నిలబెట్టాలి. ఇక రెండో చెయ్యి చేసేదల్లా పిడి తిప్పడం.

ఈ రెండింట్లో నేర్పు ఎక్కువ కావాల్సింది దేనికో మీరే చెప్పండి. అందుకే వాటం ఉన్న చెయ్యి రాడ్ మీద, రెండోది పిడి మీద. కుడిచేత్తో విసిరి, రాడ్ అక్కడే ఉంచి, ఎడమచేత్తో తిప్పేయొచ్చు. చేతులు మార్చుకునే పనే ఉండదు.

మన స్టేడియంలో కూర్చుని చూసినా ఇదే అర్థమవుతుంది. మన హైదరాబాదీ తిలక్ వర్మ ఎడమచేతి బ్యాటర్, బౌలింగ్ మాత్రం కుడిచేత్తో ఆఫ్‌స్పిన్. గంగూలీ కూడా అంతే, బ్యాటింగ్ ఎడమ, బౌలింగ్ కుడి. సచిన్ కుడిచేతి బ్యాటర్, కానీ సంతకం పెట్టేది ఎడమచేత్తో. ఎడమచేతి బ్యాటింగ్‌లో హ్యాండిల్ మీద పైన ఉండేది కుడిచెయ్యి. బ్యాట్‌ని నడిపించేది ఎక్కువగా ఆ పై చెయ్యే. అంటే "కుడా, ఎడమా" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఏ పనికి ఏ చెయ్యి అని అడగాలి.

మరి కుడి పిడి అలవాటు ఎక్కడిది?

రీల్ కొత్త సరుకేం కాదు. 12వ శతాబ్దం చివర చైనా చిత్రకారుడు మా యువాన్ గీసిన బొమ్మలో పడవ మీద కూర్చున్న జాలరి గాలానికి చిన్న చక్రం కనిపిస్తుంది. తర్వాత 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని కెంటకీలో గడియారాల పనివాళ్లు పళ్లచక్రాలు పెట్టి, రాడ్ మీద కూర్చునే రీళ్లు చేశారు. పిడి ఒకసారి తిప్పితే లోపలి స్పూల్ చాలా చుట్లు తిరిగేది. వాటికి పిడి కుడి దిక్కు పెట్టడం అలవాటైపోయింది. జనం కుడిచేత్తో విసరడం, వెంటనే రాడ్‌ని ఎడమచేతిలోకి మార్చుకోవడం, మళ్లీ కుడిచేత్తో తిప్పడం. తాతలు అలా చేశారని మనవలూ అలాగే చేశారు. ఆ రకం రీళ్లకి వారసులే ఇప్పటి బెయిట్‌కాస్టర్లు. ఇవాళ్టికీ వాటిలో కుడి పిడివి దండిగా దొరుకుతాయి.

వాటితో ఒక చిక్కుంది. లైన్ పోతుంటే స్పూల్ కూడా తిరుగుతుంది. ఎర నీళ్లలో పడి ఆగినా స్పూల్ ఆగదు, లైన్ అంతా పక్షిగూడులా చిక్కుపడుతుంది. సంక్రాంతికి పతంగి ఎగరేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మాంజా ఆగినా చరఖ్ తిరుగుతూనే ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు.

ఈ చిక్కుకి జవాబు దొరికింది నేత పనిలో. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే మిల్లు యజమాని, స్పూల్ తిరగని రీల్‌కి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. మన తూర్పు దిక్కున పోచంపల్లికి వెళ్లి మగ్గం దగ్గర కాసేపు నిలబడండి. నాడెలో కండె కదలకుండా ఉంటుంది, దారం దాని కొస మీంచి జారుతూ వస్తుంది. స్పిన్నింగ్ రీల్‌లో జరిగేది అచ్చం అదే. స్పూల్ ఊరుకుంటుంది, లైన్ కొస మీంచి జారిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు స్పిన్నింగ్ రీల్‌తోనే మొదలుపెట్టాలని నేను చెప్పేది అందుకే. ఇంకో లాభం కూడా ఉంది. దీని పిడిని ఇటునుంచి అటు మార్చుకోవచ్చు.

"రాయి ఏ చేత్తో ఇసురుతవ్?"

నాచారంలో మా వీధి పిల్లాడొకడున్నాడు, పదో తరగతి. పుట్టుకతో ఎడమచేతి వాటం. ఇంట్లో నానమ్మకి అది నచ్చదు. ఎడమచేత్తో ముద్ద ఎత్తితే కసురుతుంది, డబ్బులు ఎడమచేత్తో ఇస్తే చేతి మీద ఒకటి వేస్తుంది. తిండి విషయంలో నానమ్మ మాట నెగ్గింది, రాత విషయంలో పిల్లాడి పట్టుదల నెగ్గింది. వాడికి మేనమామ రాడ్, రీల్ కొనిచ్చాడు. పిడి ఎడమ దిక్కుంది. వీడియోలో అందరూ కుడిచేత్తో విసురుతున్నారని వీడూ కుడిచేత్తోనే మొదలుపెట్టాడు.

ఓ ఆదివారం సంఘం వాళ్లని అడిగి ఊరి బయట చెరువుకి వెళ్లాం. వాడు విసిరిన ప్రతిసారీ ఎర పది అడుగుల దూరంలోనే పడుతోంది, లేదా వెనక తుమ్మచెట్టుకి తగులుకుంటోంది. పక్కనున్న దోస్తులు నవ్వులు. వాడు రాడ్ మడిచి సంచిలో పెట్టేశాడు. "నాకు రాదు అంకుల్, అమ్మేస్తా" అన్నాడు.

విసురువల ఆరబెట్టుకుంటున్న ఓ పెద్దాయన ఇదంతా చూస్తున్నాడు. ఆ చెరువు మీద బతికే మనిషి. రీల్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "రాయి ఏ చేత్తో ఇసురుతవ్ బిడ్డా?" అని మాత్రం అడిగాడు. పిల్లాడు కింద నుంచి ఓ పెంకు తీసి ఎడమచేత్తో విసిరాడు. అది ఎంత దూరం పోయిందో దోస్తులే నోరెళ్లబెట్టి చూశారు.

"మరి కట్టె ఆ చేతిల వెట్టు" అన్నాడాయన.

రెండు నిమిషాల పని. కుడి దిక్కున్న మూత స్క్రూ విప్పాం, ఎడమ దిక్కు నుంచి పిడి లాగి కుడి దిక్కు దూర్చాం, స్క్రూ ఇటు బిగించాం. కొన్ని రీళ్లకి ఆ స్క్రూ ఉండదు. పిడినే వెనక్కి తిప్పితే మరలాగా ఊడివస్తుంది, అటు పెట్టి బిగించుకోవడమే. పిల్లాడు ఎడమచేత్తో విసిరాడు. మూడోసారికి ఎర చెరువు మధ్యకి పోయింది. ఆ రోజు చేపేం పడలేదు. రాడ్ మాత్రం అమ్మలేదు.

వాటం అంటే చెడ్డ అలవాటు కాదు, దిద్దాల్సిన తప్పు అంతకన్నా కాదు. పిల్లలకి ఏ చెయ్యి సరైందో మనం నిర్ణయించేశాక, వాళ్లకి పని రాకపోతే ఆ తప్పూ వాళ్లదే అని నమ్మిస్తాం. పిడి మార్చడానికి రెండు నిమిషాలు చాలు. ఆ నమ్మకం పోవడానికి ఎంత కాలం పడుతుందో ఎవరు చెప్పగలరు?

బెయిట్‌కాస్టర్ అయితే ముందే తేల్చుకోండి

స్పిన్నింగ్ రీల్‌కి ఉన్న ఈ సదుపాయం బెయిట్‌కాస్టర్‌కి లేదు. కుడి పిడిదో ఎడమ పిడిదో కొనేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత మారదు. డబ్బా మీద "రైట్ హ్యాండ్" అని ఉంటే అది కుడిచేతి వాటం వాళ్ల కోసం అనుకునేరు. పిడి కుడి దిక్కుందని మాత్రమే దాని అర్థం. కుడిచేత్తో విసిరి, రాడ్ చెయ్యి మార్చకుండా తిప్పాలంటే మీకు కావాల్సింది "లెఫ్ట్ హ్యాండ్". షిమానోలో 150 అంటే కుడి పిడి, 151 అంటే ఎడమ పిడి. ఒక్క అంకె తేడాతో డబ్బు ఇరుక్కుపోతుంది.

కుడి పిడితో ఏళ్ల తరబడి పట్టి, చేతులు మార్చుకోవడం ఊపిరి పీల్చినంత మామూలైపోయిన వాళ్లు మారక్కర్లేదు. రాడ్ అడుగుని నడుముకి కట్టిన బెల్టులో ఆనించి సముద్రంలో పెద్ద చేపతో కుస్తీ పట్టేవాళ్లకీ లెక్క వేరు. అక్కడ తిప్పడానికే బలం కావాలి, అందుకే ఆ పెద్ద రీళ్లు ఎక్కువగా కుడి పిడితో వస్తాయి. మన చెరువుల్లో ఆ అవసరం రాదు.

చేపను బట్టి రీల్

రవ్వ, బొచ్చె కోసం పిండిముద్ద వేసి కూర్చునే వాళ్లకి 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రీల్ చాలు. ముద్ద అడుక్కి చేరాక ఎలాగూ ఎదురుచూడటమే కాబట్టి చేతులు మార్చుకున్నా పెద్ద నష్టం లేదు. మన రాష్ట్ర చేప కొర్రమీను సంగతి వేరు. రబ్బరు కప్ప నీళ్ల మీద పడిన మరుక్షణమే అది దాడి చేయొచ్చు. రాడ్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోతున్న ఆ ఒక్క సెకనులో చేప నాచులోకి వెళ్లిపోతుంది. చెయ్యి ఎంపిక నిజంగా పనికొచ్చేది అక్కడే.

గేర్ రేషియో 5.2:1 అంటే పిడి ఒక చుట్టు తిరిగితే రోటర్ 5.2 చుట్లు తిరుగుతుందని. సైకిల్ గేర్ల మీద షిమానో పేరు చూసే ఉంటారు. 1921లో సైకిల్ భాగాలతో మొదలైన ఆ కంపెనీ 1970లో చేపల సామాను వైపు వచ్చింది. లెక్క సైకిల్‌దే: పెద్ద గేర్ అయితే వేగం, చిన్న గేర్ అయితే బలం. బొచ్చెకి 5 దగ్గర, కొర్రమీనుకి 7 దగ్గర ఉంటే మంచిది.

బేరింగులు 12, 13 అని అంకెలు చూపిస్తే మోసపోకండి. నాలుగు మంచివి పన్నెండు నాసిరకం వాటికన్నా నయం. పిడి పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. వదులుగా ఊగితే పక్కన పెట్టేయండి.

డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా కొంచెం కొంచెం వదిలే బ్రేకు. లైన్ తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దగ్గర అది జారేలా బిగించాలి. 10 పౌండ్ల లైన్, అంటే నాలుగున్నర కిలోలు అనుకుంటే, కిలో నుంచి కిలోన్నర మధ్య. లగేజీ తూచే చిన్న కాంటా కొక్కేనికి లైన్ కట్టి లాగితే తెలిసిపోతుంది. స్పిన్నింగ్ రీల్‌లో డ్రాగ్ జారుతున్నంతసేపు పిడి తిప్పకండి, లైన్ మెలిపడిపోతుంది.

అడిగి వేయండి

మన చెరువుల్లో చాలావాటి మీద చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకి అది సరదా కాదు, బువ్వ. అడగకుండా గాలం వేయొద్దు. ఇక ఉప్పల్ నల్లచెరువు, నాచారం చెరువు లాంటి నగర చెరువుల్లోకి ఇళ్ల మురుగు చేరుతుంది, నాచారం పక్కనే పారిశ్రామికవాడ కూడా ఉంది. అలాంటి చోట పట్టిన చేపని కూర వండుకోవద్దని నా సలహా. తెగిన నైలాన్ లైన్ గట్టు మీద వదలొద్దు, మాంజాలాగే కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది.

రీల్ కొనేముందు ఫోన్ జేబులో పెట్టి, గట్టు మీద ఓ రాయి తీసి విసరండి. ఆలోచించకుండా ఏ చెయ్యి లేచిందో రాడ్ దానిది. పిడి రెండోదానిది. ఇంట్లో ఎడమచేత్తో రాయి విసిరే పిల్లలుంటే, విసరనివ్వండి.

వచ్చే వారం: పిండిముద్దలో ఏం కలపాలన్న గొడవ.