ఎవరింట్లో కచేరి?

ఇంట్లో కూచోనే ఉద్యోగం చేయొచ్చంట. ఆఫీసుకు పోయే పనే లేదంట. 2020లో కరోనా తాళాలు పడినప్పుడు హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల్లో మొదలైన ఈ మాట ఇప్పుడు మన కర్నూలు, కడప పల్లెల దాకా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆడవాళ్లకు ఇంటినుంచే పని ఇప్పించే ఆలోచన ప్రకటించారు. తర్వాత ఇంటినుంచి పనిచేయగలవాళ్లెవరని సచివాలయం ఉద్యోగులతో సర్వే కూడా చేయించారు. పత్రికలు దీన్ని విప్లవం అంటున్నాయి. మంచిదే. అయితే మాలపల్లె, మాదిగిండ్ల పక్కనుంచి చూస్తే ఒక అనుమానం వస్తుంది. ఇల్లే ఆఫీసు కావడం ఈ సీమలో కొత్త సంగతా?

1984కు ముందు సంగతి పెద్దోళ్లను అడగండి. కరణం ఇల్లే కచేరి. అడంగలు, శిస్తు లెక్కలు, ఏ సర్వే నెంబరులో ఎవరికెన్ని సెంట్లున్నాయో ఆ పుస్తకం, అన్నీ ఆయనింట్లో పెట్టెలోనే. మనోడు నకలు కావాలని పోతే చెప్పులు చేతబట్టుకొని అరుగు కింద నిలబడాల. అయ్యగారు అన్నం తిని, కునుకు తీసి, లేచి వచ్చినాక పని. లోపల ఏం రాసినాడో బయట నిలబడినోనికి ఎట్ల తెలుస్తాది? పట్టా మన తాత పేరున ఉంటుంది, అనుభవదారు గడిలో ఇంకోని పేరు చేరుతుంది. తండ్రి పోతే కొడుకు, కొడుకు పోతే మనవడు, తరాల తరబడి ఇంటినుంచే పనిచేశారు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ పదవులు రద్దు చేసింది. ఎందుకు చేసినాడని వాదించుకునే వాళ్లు వాదించుకోనీ. ఊరి రికార్డు ఆ ఇంటి గడప దాటింది, మనకు కావలసింది అది.

ఇంటినుంచి పని మనకూ కొత్త కాదు. మాదిగ ఇంటి పక్కనే లంద. తంగేడు చెక్క నీళ్లలో తోళ్లు ఊరుతుండేవి. తిండి, నిద్ర, కాన్పు అన్నీ ఆ వాసనలోనే. కపిల బావికి తోలు బాన కుట్టింది ఆ ఇంట్లోనే. ఆ బాన తోడిన నీళ్లతో పండిన పంటలో మనకు దక్కింది కళ్లం దగ్గర నాలుగు చేటల గింజలు. పైగా 'వాళ్లిండ్లు కంపు' అన్నారు. అంటే వాళ్లు ఇంట్లో చేస్తే అధికారం, మనం చేస్తే కంపు!

తర్వాత 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. రిజర్వేషన్లో మనోళ్లు సర్పంచులయ్యారు. చాలా ఊర్లలో ముద్ర, చెక్కుబుక్కు, తీర్మానాల పుస్తకం మాత్రం పెద్దరెడ్డి ఇంట్లోనే ఉండిపోయాయి. సంతకం కావాలన్నప్పుడు మనోనికి కబురు వస్తుంది. గోడకు చేరగిలబడి నిలుచోని సంతకం పెట్టి వస్తాడు. ఆ సర్పంచి కూడా ఇంటినుంచే పనిచేశాడు, కాకపోతే ఆ ఇల్లు వానిది కాదు. తమిళనాడు మేలవళవులో ఇంతకన్నా ఘోరం జరిగింది. రిజర్వుడు పంచాయతీకి ప్రెసిడెంటుగా గెలిచిన మురుగేశన్‌ను 1997 జూన్ 30న బస్సు ఆపి నరికి చంపారు. ఆయనతో ఉన్నోళ్లనూ చంపారు. గెలిచినాక కూడా ఆయన్ను పంచాయతీ ఆఫీసులో కూచోనీలేదు. ఒక కుర్చీకి వాళ్లు అంత భయపడతారు. మనం దాన్ని తేలిగ్గా వదులుకుంటామా?

ఆఫీసు మనల్ని పూలదండలతో పిలిచిందని చెప్పడం లేదు. 1917లో అంబేడ్కర్ అమెరికా, లండన్ చదువులు చదివొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే నౌకర్లు ఫైళ్లను ఆయన బల్లమీదికి విసిరేశారని ఆయన జీవితచరిత్రలో ఉంది. ఆఫీసైతే దొరికింది గానీ ఉండేదానికి ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో పేరు మార్చుకొని తలదాచుకుంటే పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. అంతటి చదువరి తోటలో చెట్టుకింద కూచోని ఏడ్చాడు.

అందుకే మన పిల్లల్లో కొందరు ఇంటిపనే మేలంటారు. నా దగ్గర చదువుకున్న ఒక పిల్ల బెంగుళూరు కంపెనీకి ఇంటినుంచే పని చేస్తోంది. 'రూము కోసం తిరిగితే ఓనరు మీరేమోళ్లు అంటాడు సార్, ఇక్కడ ఆ బాధ లేదు' అంటుంది. ఆ మాట కొట్టిపారేసేది కాదు. బరోడా ఇంకా బెంగుళూరు వీధుల్లో బతికే ఉంది.

కానీ ఆ పిల్ల ఇల్లు చూడండి. కాలనీ ఇల్లు, ఒకటే గది. అవ్వ దగ్గు ఒక పక్క, పొయ్యి ఒక పక్క. కరెంటు పోతే జీతంలో కోత. 'ఇంట్లోనే ఉన్నావు గదా, రెండు బిందెలు నీళ్లు తేపో' అని ఇంకొకరు. కంపెనీ గది అద్దె మిగిలించుకుంది, కరెంటు బిల్లు మిగిలించుకుంది. పిల్లకు మిగిలింది నడుము నొప్పి. అన్నిటికన్నా నాకు బాధ కలిగేది ఇంకోటుంది. శనక్కాయ చేన్లలో వంగి వంగి బిడ్డను చదివించిన తల్లికి, ఆ బిడ్డ భుజాన బ్యాగు తగిలించుకొని, కాళ్లకు చెప్పులేసుకొని, ఊరి నడిమధ్యన బస్సుకు నడిచిపోవడం చూడాలని ఉండదా? ఊరు చూడాలని ఉండదా? అది కూడా ఉద్యోగంలో భాగమే. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు రోస్టరు ప్రకారం మన పిల్లోళ్లూ కుర్చీల్లో కూచున్నారు. సర్టిఫికెట్టు కోసం పెద్దింటోడు మన పిల్ల బల్ల ముందు నిలబడ్డాడు. ఆ పని ఆమె ఇంట్లో కూచోని చేసుంటే వాడు మాదిగిండ్లలోకి వచ్చేవాడా?

పనిగంటల సంగతి నేతోళ్లకు తెలుసు. ఎమ్మిగనూరు, జమ్మలమడుగు, మాధవరం పోయి చూడండి. మగ్గం ఇంట్లోనే. మొగుడు నేస్తాడు, పెండ్లాం కండెలు చుడుతుంది, పిల్లోళ్లు అందిస్తారు. షావుకారు ఇచ్చేది చీరకు కూలి, అంతే. అంబేడ్కర్ కార్మిక శాఖ చూసిన కాలంలో, 1946లో, ఫ్యాక్టరీలో వారానికి 54 గంటల పని 48కి తగ్గించే చట్టం వచ్చింది. ఆ గంట ఫ్యాక్టరీలో మోగుతుంది గానీ ఇంట్లో మోగదు. ఇప్పుడు చూస్తే 2025లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజుకు 9 గంటలున్న పనిని 10 చేయాలని నిర్ణయించింది. ఇంట్లో చేసేవాళ్లకు ఆ పదికి కూడా లెక్క రాసేదెవరు? నమ్మకం విషయం కూడా చూడండి. కంప్యూటరు ముందున్నోని పని ఇంట్లోంచే నమ్ముతారు. ఉపాధి పనిలో మట్టి తవ్వే ఆడమనిషికేమో 2023 జనవరి నుంచి రోజుకు రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు.

సంఘాల వాళ్లు పట్టుకోవలసిన కొస ఒకటుంది. మండలాల దాకా పనిస్థలాలు పెట్టేదానికి ప్రోత్సాహమిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఇల్లు కాదు, బెంగుళూరు కాదు, బస్సు దూరంలో ఒక కచేరి. ఇది మనకు పనికొస్తుంది. అడగాల్సింది యాడ కడతారని. పెద్దోళ్ల వీధిలో, వాళ్ల ఖాళీ మిద్దె బాడుగకు తీసుకొని పెడితే మళ్లీ కరణం అరుగే. ప్రభుత్వ స్థలంలో, రోడ్డు పక్కన, మన ఆడపిల్లలు చీకటి పడినా జంకు లేకుండా వచ్చిపోయే చోట కట్టమనండి. సీట్లు రోస్టరు ప్రకారం ఇమ్మనండి, హాజరు పుస్తకం పెట్టమనండి, పి.ఎఫ్. కోయమనండి. వచ్చే గ్రామసభలో ఈ మాట తీర్మానంగా రాయించండి. రాయించినాక ఆ పుస్తకం రాత్రికి ఎవరింటికి పోతుందో గూడా చూసి రండి.