గేరు తీసి ఘాటు దిగుట



కోలారు బంగారు గనుల ప్రాంతమున తరతరములుగా నున్న మన తెలుగు కుటుంబములకు చుట్టరికములు చాలవరకు చిత్తూరు వైపే. పెండ్లికైనను, కాణిపాకము మ్రొక్కునకైనను ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగవలసినదే. మాకును చిత్తూరునకును ఎత్తులో సుమారు 500 మీటర్ల తేడా కలదు. అందులో చాలభాగము పలమనేరు దాటిన పిదపనే.

గత వేసవిలో కాణిపాకము పోవుచుండగా మా తమ్ముని కుమారుడు కారు నడిపినాడు. లైసెన్సు వచ్చి ఆరు నెలలు. ఘాటు మొదలగునంతనే న్యూట్రలులో వేసినాడు. ఏమిరా అంటిని. "పెట్రోలు మిగులుతుంది, పెదనాన్నా" అన్నాడు. కొన్ని మలుపులు తిరుగునప్పటికి బ్రేకులు కాలిన వాసన కొట్టినది. ప్రక్కన ఆపించి, అవి చల్లారువరకు పిల్లాజెల్లాతో రోడ్డు ప్రక్కన కూర్చుంటిమి.

వాని పెట్రోలు లెక్కయు తప్పే. నేటి కారులలో గేరు ఉండగా ఆక్సిలరేటరు వదలినచో, వేగమున్నంతసేపు ఇంజనుకు పెట్రోలు అందుట ఆగును. న్యూట్రలులోనో, ఇంజను ఆరిపోకుండుటకై కొంత ఖర్చగుచునే యుండును. పైగా బండిని వెనుకకు పట్టియుంచు ఇంజను బలము పోయి, భారమంతయు బ్రేకులపై పడి, అవి కాగి పట్టు తప్పును.

నేను లారీ నేర్చిననాడు పెద్దలు చెప్పినది ఒకటే: ఎక్కుటకు ఏ గేరో, దిగుటకును అదే గేరు. అదియు పల్లము మొదలుకాకముందే వేయవలెను. ఆలస్యమైనచో ముందు బ్రేకుతో వేగము తగ్గించి, ఒక్కొక్క గేరే దింపవలెను. ఆ పాత లారీలలో రెండుమారులు క్లచ్చి త్రొక్కి, నడుమ ఆక్సిలరేటరు ఇచ్చిననే క్రింది గేరు పడెడిది. పల్లములో పడకపోయెనా, అంతే! ఆ భయముచేతనైనను ముందే వేసెడివారము. ఇప్పటి గేరు వెన్నలో కత్తివలె దిగును, కుర్రవాండ్రకు ఆ చింత లేదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 15వది, పల్లము దిగునపుడు త్వరగా క్రింది గేరులకు మార్చుటను అభ్యర్థి పరీక్షలో చూపవలెననుచున్నది. మావాడు ఎక్కడ నేర్చెనో, ఎక్కడ పరీక్ష ఇచ్చెనో వ్రాయను. చదునైన మైదానములో ఎనిమిది అంకె తిప్పి వచ్చినాడు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడిన పిదప మా పేటల కుర్రవాండ్రు కొందరు బండ్లు నడిపియే బ్రదుకుచున్నారు. కోలారు టమాటాలు తెల్లవారులోగా చేర్చవలెనని రాత్రివేళ ఇదే ఘాటు దిగువారున్నారు. 2024 సెప్టెంబరులో అక్కడ బస్సు, లారీలు ఢీకొని ప్రాణములు పోయిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. దాని కారణము గేరని నేననుట లేదు. ఆ ఘాటు ఎట్టిదో చెప్పుచున్నాను.

కావున ఇరు రాష్ట్రముల రవాణా అధికారులు లైసెన్సు పరీక్షలో కొంత భాగమైనను నిజమైన పల్లముపై జరిపింపవలెననియు, ఘాటు మొదట ఏ గేరులో దిగవలెనో తెలుగు, కన్నడ, తమిళములలో పెద్ద అక్షరములతో వ్రాయింపవలెననియు మీ పత్రిక ద్వారా కోరుచున్నాను.

— ఒక మాజీ లారీ డ్రైవరు, రాబర్ట్‌సన్‌పేట