చావు లేని కథ

సీరియల్ ఇంకా నడుస్తుండగానే దాన్ని తీస్తున్నవాడు జనం ముందుకొచ్చి, ఈసారి కుదర్లేదని ఒప్పుకోవడం ఎక్కడోగాని జరగదు. 2007 నవంబరులో టిమ్ క్రింగ్ ఆ పని చేశాడు. అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్‌లో వస్తున్న ‘హీరోస్’ ఆయన సృష్టి. రెండో సీజన్ నడిమధ్యలో ఉంది. ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’ పత్రికతో మాట్లాడుతూ తప్పులన్నీ ఆయనే ఏకరువు పెట్టాడు. కథ నత్తనడక నడిచిందన్నాడు. ముంచుకొస్తున్న ముప్పేమిటో చెప్పడానికే బాగా ఆలస్యం చేశామన్నాడు. కొత్త పాత్రల్ని పాత కథలో కలపకుండా విడిగా తెచ్చిపెట్టడం, ఒక ముఖ్యపాత్రని జపాన్‌లో అవసరానికి మించి కూర్చోబెట్టడం, ప్రేమకథలు పొసగకపోవడం, అన్నీ ఒప్పుకున్నాడు. విమర్శకులకు ఆయన పెద్దగా ఏమీ మిగల్చలేదు.

అయినా ఆయన చెప్పినవి పైకి కనిపించే లోపాలే. వేగం పెంచి, జపాన్ భాగాన్ని కత్తిరించి ఉంటే ఆ సీజన్ బాగుపడేదని నేననుకోను. మూడో సీజన్‌లో వేగం పెంచారు. కథ ఇంకా పాడైంది. అసలు పొరపాటు అంతకు ముందే, అందరూ చప్పట్లు కొట్టిన మొదటి సీజన్ ఆఖరి నిమిషంలో జరిగింది.

ఆ మొదటి సీజన్ గురించి కాస్త చెప్పాలి. 2006 సెప్టెంబరు 25న తొలి ఎపిసోడ్‌ని కోటీ నలభై లక్షలమందికి పైగా చూశారు. టెక్సస్‌లో ఒడెస్సా అనే ఊళ్ళో హైస్కూలు పిల్ల క్లెయిర్. ఎముక విరిగినా, ఒళ్ళు కాలినా క్షణాల్లో మానిపోతుంది. టోక్యోలో గుమాస్తా హిరో నకమురా కాలాన్ని ఆపగలడు. న్యూయార్క్‌లో అవసానదశలో ఉన్న రోగులకు సేవ చేస్తూ, దగ్గరికొచ్చినవాళ్ళ శక్తుల్ని తనవి చేసుకునే నర్సు పీటర్, ఎన్నికల్లో నిలబడ్డ, గాల్లో ఎగరగల అతని అన్న నేథన్, లాస్ ఏంజెలెస్‌లో ఎదుటివాళ్ళ మనసులోని మాట వినిపించే పోలీసు, మత్తులో భవిష్యత్తుని బొమ్మలుగా గీసే చిత్రకారుడు. ఆ బొమ్మల్ని నిజంగా వేసింది కామిక్ పుస్తకాల చిత్రకారుడు టిమ్ సేల్; కథలో సగం గుట్టు వాటిలోనే ఉండేది. వీళ్ళందర్నీ వెతికి పుర్రె కోసి శక్తులు దొంగిలించే సైలర్ ప్రతినాయకుడు, గడియారాలు బాగుచేసేవాడి కొడుకు.

మన వైపు నుంచి కూడా ఒకడున్నాడు. తండ్రి మొదలుపెట్టిన పరిశోధన పట్టుకుని న్యూయార్క్ వెళ్ళి టాక్సీ నడిపే మద్రాసు ప్రొఫెసర్. 1996లోనే చెన్నై అయిపోయిన ఊరిని తెర మీద మద్రాస్ అనే వేశారు. ఆ మద్రాసు మనిషికి మొహిందర్ సురేష్ అని పంజాబీ పేరు తగిలించారు. మన సినిమాల్లో చైనావాళ్ళకి పెట్టే పేర్లు గుర్తొచ్చి నవ్వుకుని వదిలేశాను. ఆ వేషం వేసిన సెంథిల్ రామమూర్తి మంచి నటుడు కావడం వల్ల పాత్ర నిలబడింది.

ఆ సీజన్‌లో పదిహేడో ఎపిసోడ్ ‘కంపెనీ మ్యాన్’. రాసింది బ్రయన్ ఫుల్లర్. కథ దాదాపు అంతా ఒక్క ఇంట్లోనే నడుస్తుంది. క్లెయిర్ పెంపుడు తండ్రి నోవా బెన్నెట్. పైకి కాగితాల కంపెనీలో ఉద్యోగి, లోపల శక్తులున్నవాళ్ళని పట్టుకునే రహస్య సంస్థకి నమ్మినబంటు. అతని వల్ల జీవితం పాడైన ఇద్దరు ఇంట్లోకి చొరబడి కుటుంబం మొత్తాన్ని తుపాకీ ఎదుట కూర్చోబెడతారు. వాళ్ళలో ఒకడు కోపం హద్దు దాటితే అణుబాంబులా పేలిపోయే మనిషి. ఇంత శక్తి ఒక హాల్లో పోగుపడి ఉన్నా మనం చూసేది మాత్రం తండ్రి మొహం. ఇన్నాళ్ళూ ఇంట్లో చెప్పిన అబద్ధాలన్నీ భార్యాబిడ్డల ముందు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఆ కళ్ళజోడు మనిషి ఏ ముక్కకి తల దించుతాడు, ఏ ముక్కకి బుకాయిస్తాడు అన్నదే ఉత్కంఠ. చివరికి కూతురు ఎక్కడ దాగిందో తన దగ్గర్నుంచి ఎవరూ రాబట్టకూడదని, తననే కాల్చి తన జ్ఞాపకాలు తుడిచేయమని సహచరుణ్ణి అడుగుతాడు. ఏ శక్తీ లేని మనిషి కూతురి కోసం వదులుకోగలిగింది అదొక్కటే. వదులుకున్నాడు. నాకు తెలిసిన సూపర్‌హీరో కథల్లో ఇంతకన్నా బరువైన త్యాగం కనపడలేదు.

ఫుల్లర్ ఆ సీజన్ అయ్యాక ‘పుషింగ్ డెయిజీస్’ తీయడానికి వెళ్ళిపోయాడు. ఆయన లేని లోటు తర్వాత తెలిసింది.

2007 మే 21న సీజన్ ముగిసింది. న్యూయార్క్ నడిబొడ్డున పేలిపోబోతున్న పీటర్‌ని అన్న నేథన్ ఆకాశంలోకి ఎత్తుకుపోతాడు. పీటర్‌కీ ఎగరడం వచ్చుగదా, తనే ఎందుకు ఎగరలేదని అప్పుడే అడిగినవాళ్ళున్నారు. అన్నాదమ్ముల కథ కనుక ఆ లోపాన్ని క్షమించవచ్చు. కింద హిరో కత్తితో సైలర్‌ని పొడిచాడు. ఇరవైమూడు ఎపిసోడ్ల కథ అక్కడికి న్యాయంగా ముగిసింది. అప్పుడు కెమెరా నేల మీదికి దిగి, సైలర్ పడ్డ చోటు నుంచి మ్యాన్‌హోల్ దాకా పాకిన నెత్తుటి చారనీ, పక్కనే ఒక బొద్దింకనీ చూపించింది. వాడు బతికే ఉన్నాడు. తర్వాతి సీజన్లో పైకి వెళ్ళిన అన్నా, పేలిన తమ్ముడూ ఇద్దరూ బతికే ఉన్నారని తెలిసింది.

క్రింగ్ మొదట అనుకున్న ఏర్పాటు వేరు. సీజన్‌కో కథ, సీజన్‌కో కొత్త బృందం. పాతవాళ్ళు వాళ్ళ కథ ముగియగానే తప్పుకుంటారు. ఆ మాట మీద నిలబడి ఉంటే ఆ మ్యాన్‌హోల్ మూత తెరవాల్సిన పనే పడేది కాదు. కాని మొదటి సీజన్ ఎంత హిట్టయిందంటే, ఆ మొహాలు లేని ‘హీరోస్’ని అమ్మడం ఛానెల్‌కి గాని, ఊహించడం ప్రేక్షకులకు గాని చేతకాలేదు. ప్రేక్షకుల్ని నేను తప్పుపట్టను. ఇష్టపడ్డ మనిషి మళ్ళీ కనపడాలని కోరుకోవడం వాళ్ళ హక్కు. ఆ కోరికకి ఎక్కడ లొంగాలో, ఎక్కడ లొంగకూడదో తేల్చుకోవలసింది రాసేవాడే. వారపత్రిక సీరియల్ రోజుల్లో ఉత్తరాల ఒత్తిడికి చచ్చిన పాత్రని లేపిన రచయితలు మన దగ్గరా ఉన్నారు. ఇప్పుడు సినిమా పూర్తికాకముందే రెండో భాగం పేరు తెర మీద వేసేస్తున్నారు.

సరే, రెండో సీజన్. పీటర్ జ్ఞాపకం పోయి ఐర్లండ్‌లో కార్క్ నగరంలో తేలాడు. హిరో 1671 నాటి జపాన్‌లో పడ్డాడు. చిన్నప్పటి నుంచి తండ్రి కథలుగా చెప్పిన మహావీరుడు టకేజో కెన్సె అక్కడ తాగుబోతు ఆంగ్లేయుడిగా ఎదురవుతాడు. ఆ మోసగాణ్ణి తను విన్న కథకి తగ్గ వీరుడిగా మార్చే బాధ్యత హిరో నెత్తిన పడుతుంది. చక్కటి ఊహ, రెండు ఎపిసోడ్లకి సరిపడా. సీజన్‌లో సగానికి పైగా సాగదీశారు. ఏడ్చినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళు చచ్చిపోయే మాయ అనే యువతి, తమ్ముడితో కలిసి మెక్సికో దారిన వారాల తరబడి నడుస్తూనే ఉంది. పీటర్ తన ప్రియురాలు కెయిట్లిన్‌ని వెంటబెట్టుకుని, మహమ్మారికి లోకంలో 93 శాతం జనం పోయిన భవిష్యత్తులోకి వెళ్ళాడు. ఆమెను అక్కడే వదిలి తిరిగొచ్చాడు. తర్వాత ఆ భవిష్యత్తే లేకుండా పోయింది. ఆ అమ్మాయి ఏమైందో పీటర్ అడగలేదు, రచయితలూ చెప్పలేదు.

ఆ మహమ్మారి పేరు శాంతి వైరస్. పసితనంలో పోయిన మొహిందర్ అక్క పేరు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది తొమ్మిదో ఎపిసోడ్. నోవా చనిపోయి పడి ఉన్న బొమ్మ ఒకటి కొన్ని ఎపిసోడ్లుగా ఊరిస్తోంది. బొమ్మలో ఉన్నట్టే మొహిందర్ తుపాకీ గుండు కళ్ళజోడులోంచి దూసుకెళ్ళి నోవా పడిపోయాడు. ‘కంపెనీ మ్యాన్’ చూసినవాళ్ళకి గుండె ఆగే క్షణం. ఆ ఎపిసోడ్ ముగిసేలోపే క్లెయిర్ నెత్తురు ఎక్కించి అతన్ని లేపి కూర్చోబెట్టారు. ఒక్క సూదితో భవిష్యవాణి, చావు, కూతురి ఏడుపు మూడూ చెల్లకుండా పోయాయి. అక్కడి నుంచి ఆ కథలో ఎవరు నేలకొరిగినా ప్రేక్షకుడు కంగారు పడడు. క్లెయిర్ నెత్తురు ఎక్కడుందా అని వెతుకుతాడు.

మన పురాణాల్లో వరమిచ్చినవాళ్ళు ఈ విషయంలో గట్టివాళ్ళు. రావణుడు వరమడిగేటప్పుడు నరుణ్ణీ వానరుణ్ణీ లెక్కచెయ్యలేదు. ఆ సందు వరం అడిగిన రోజే అందరికీ తెలుసు. కథంతా దానివైపే నడిచింది. ‘హీరోస్’లో వరాలు హద్దు లేకుండా ఇచ్చేశారు. పీటర్ దగ్గరికొచ్చిన ప్రతి శక్తీ వాడిదైపోతుంది. హిరో ఏ తప్పునైనా వెనక్కెళ్ళి దిద్దగలడు. క్లెయిర్‌కి చావు లేదు, పక్కవాళ్ళకీ రానివ్వదు. ఇక అడ్డుకునేదేముంది? అందుకని మిగిలిన సీజన్లన్నీ ఇచ్చిన వరాల్ని వెనక్కి లాక్కోవడంతోనే గడిచాయి. పీటర్‌కి మతిమరుపు. తర్వాత కన్నతండ్రే వాడి శక్తులన్నీ లాగేసుకున్నాడు. ఆ తండ్రే హిరో బుద్ధిని పదేళ్ళ పిల్లవాడి స్థాయికి తెచ్చాడు. అది సరిపోక తర్వాతి సీజన్లో హిరోకి మెదడులో గడ్డ. మూడో సీజన్లో సూర్యగ్రహణం పట్టి అందరి శక్తులూ పోయాయి. గ్రహణం విడవగానే తిరిగొచ్చాయి. పట్టుస్నానం, విడుపుస్నానం ఒక్కటే తక్కువ.

నష్టమంతా రచయితల సమ్మె వల్లేనని చాలామంది అంటారు. సుమారు 12,000 మంది రచయితలు ఇంటర్నెట్ ఆదాయంలో తమ వాటా కోసం 2007 నవంబరు 5న కలాలు కింద పెట్టారు. 2008 ఫిబ్రవరి 12 దాకా ఎత్తలేదు. ‘హీరోస్’ కథల్ని ఎన్‌బీసీ తన వెబ్‌సైట్‌లో వారంవారం కామిక్స్‌గా కూడా వేసుకుంటున్న కాలమది; రచయితల కోరికలో న్యాయముంది. సమ్మె మొదలైన రాత్రికే రెండో సీజన్ ఏడో ఎపిసోడ్ ప్రసారమైంది. అంటే జపాన్, ఐర్లండ్, మెక్సికో యాత్రలు సమ్మెకి ముందు తీరుబడిగా కూర్చుని రాసినవే. 24 ఎపిసోడ్లు అనుకున్నది 11తో ఆగింది. వైరస్ బయటపడి లోకాన్ని కమ్మే మలుపుని మార్చి, పగలబోయిన సీసాని పీటర్ చేత పట్టించి ముగించారు. హడావుడిగా అతికిన ఆ ముగింపే సీజన్ మొత్తం మీద చురుగ్గా ఉంది! సమ్మె ఆ కథకి కీడుకన్నా మేలే చేసిందంటాను.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. మ్యాన్‌హోల్లోంచి బతికొచ్చిన సైలర్‌కి మూడో సీజన్లో ఏం పని చెప్పాలో తెలియలేదు. పీటర్ అన్నదమ్ముడన్నారు, కాదన్నారు. ఒక భవిష్యత్తులో ఏప్రన్ కట్టుకుని కొడుక్కి వాఫిల్స్ వేసిపెట్టే తండ్రిని చేశారు. చివరికి నేథన్‌ని చంపించి, నేనే నేథన్ అని వాడే నమ్మేట్టు వాడి బుద్ధి మార్పించారు. జాకరీ క్వింటో ఇవన్నీ మొహం చిట్లించకుండా నటించడం ఆయన గొప్పతనం. మొహిందర్ తన మందు తనే ఎక్కించుకుని ఒళ్ళంతా పొలుసులు పొడిచి పురుగులా గోడలు పాకాడు. 2008 నవంబరులో రచయితల్లో పెద్దలైన జెఫ్ లోబ్‌నీ, జెస్సీ అలెగ్జాండర్‌నీ తీసేశారు. అదే నెలలో క్రింగ్, టీవీ ముందు వేళకి కూర్చుని చూసేవాళ్ళని చిన్నబుచ్చే మాట ఒకటి అని మళ్ళీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఫుల్లర్ తిరిగొచ్చాడు. ఆయన రాసిన ‘కోల్డ్ స్నాప్’ బాగుంది. ఒక్క ఎపిసోడ్ ఏం చేస్తుంది?

నాలుగో సీజన్ 2010 ఫిబ్రవరి 8న ముగిసింది. అప్పటికి ప్రేక్షకులు మొదటి రోజున్నవాళ్ళలో మూడో వంతుకి పడిపోయారు. ఆ ఆఖరి ఎపిసోడ్లో క్లెయిర్ కెమెరాల ముందు జెయింట్ వీల్ ఎక్కి కిందికి దూకి, విరిగిన భుజం సరిచేసుకుని లేచి నిలబడుతుంది. దాచుకున్నవాళ్ళందరి గుట్టూ లోకానికి తెలిసిపోయింది. ఇప్పుడు పక్కింటివాళ్ళు ఏమంటారు, చట్టం ఏం చేస్తుంది, పిల్లల్ని బడికి పంపేదెవరు? రెండో సీజన్ మొదటి రోజు అడగాల్సిన ప్రశ్నలవి. మే నెలలో ఎన్‌బీసీ సీరియల్‌ని రద్దు చేసింది.

2015లో ‘హీరోస్ రీబార్న్’ పేరుతో మళ్ళీ తీశారు. హిరో వచ్చాడు, నోవా వచ్చాడు. క్లెయిర్‌గా నటించిన హేడెన్ పనెటీర్ రాలేదు. అందుకని చావే లేదన్న పిల్ల కవలల్ని కని కాన్పులో పోయిందని తేల్చేశారు. నాలుగు సీజన్లపాటు చంపాల్సినవాళ్ళని చంపలేకపోయిన కథ అది. 13 ఎపిసోడ్ల ఆ ప్రయత్నం 2016 జనవరి 21న ముగిసింది. ముగిస్తూ, ఆ కవలల తండ్రి వస్తున్నాడని రాబోయే సీజన్ కోసం కొత్త ముప్పొకటి ప్రకటించారు. ఆ సీజన్ తీయడం లేదని ఛానెల్ అప్పటికి వారం కిందటే చెప్పేసింది.