బాపు ఓటు ఎటు పోయింది?

ఈ శీర్షికలో రాజకీయాలు రాయనని సంపాదకులకు మొదట్లోనే మాటిచ్చాను. ఈ ఒక్కసారికి తప్పుతున్నాను, క్షమించాలి. అన్ని పార్టీలకూ అక్షింతలు సమానంగానే పడతాయి కాబట్టి, వచ్చే పాట్‌లక్‌లో నా పులిహోరని ఎవరూ బహిష్కరించరనే ధైర్యం.

సంగతేమిటంటే, మా బాపు ఓటు పోయింది.

బాపుకి 76 ఏళ్ళు. రిటైర్డ్ టీచరు. తెలంగాణలో మా ఊళ్ళోనే ఉంటాడు. 2023 నవంబరు 30న మోకాళ్ళ నొప్పితో రెండు గంటలు లైన్లో నిలబడి ఓటేసి వచ్చాడు. ఎవరికి వేశాడో ఏ ఎన్నికలోనూ చెప్పింది లేదు. మా అమ్మకే చెప్పడు, ఇక నాకేం చెబుతాడు! అలాంటి మనిషి మరుసటి ఏడాది ఒక శనివారం, వాట్సాప్ వీడియోలో తనంతట తనే చెప్పేశాడు. ఆయన ఓటేసిన అభ్యర్థి గెలిచాడు. గెలిచిన కొన్ని నెలలకే కండువా మార్చేశాడు.

"నేను గుర్తుకేసిన్రా, మనిషికి గాదు. ఆయన మొఖం గూడ సక్కగ సూడలే. ఇప్పుడు నా ఓటు ఎటు పోయినట్టు?"

నా దగ్గర జవాబు లేదు. డాలస్‌లో కూర్చుని కాఫీ తాగుతూ ఏం చెప్పను?

అప్పటినుంచి శనివారం ఫోన్లలో మోకాళ్ళ తర్వాత రెండో అంశం ఇదే అయింది. ఈమధ్య ఒక శనివారం మా పెద్దమ్మాయి కూడా ఫోన్లో దూరింది. హైస్కూల్లో డిబేట్ క్లబ్బు. ఆ వారం వాళ్ళ అంశం, పార్టీకి ఎదురు తిరిగిన సభ్యుణ్ణి పార్టీ శిక్షించవచ్చా అని. దీనికి పడింది "శిక్షించకూడదు" పక్షం. 2017 జులైలో అర్ధరాత్రి దాటాక సెనేట్‌లో జాన్ మెకెయిన్ బొటనవేలు కిందికి చూపించి, సొంత పార్టీ హెల్త్ బిల్లుని ఓడించిన వీడియో అప్పటికి పదిసార్లు చూసేసింది. ఆ కథంతా తాతకి వచ్చీరాని తెలుగులో చెప్పింది.

"మరి ఆయన సీటు పోలేదా బిడ్డా?"

"ఎందుకు పోతుంది తాతా?"

ఇద్దరూ స్క్రీన్‌లోంచి ఒకరినొకరు వింతగా చూసుకున్నారు. ఆయనకి, పార్టీని ధిక్కరించిన వాడి సీటు ఉండడమేమిటని. దానికి, ఒక్క ఓటుకి సీటు పోవడమేమిటని. మధ్యలో నేను.

ఇక్కడి పిల్లలకి మన చట్టం కథ తెలియదు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. 'ఆయారామ్ గయారామ్' అన్న మాట అక్కడ పుట్టిందే. మన దగ్గర పెద్ద తుపాను 1984 ఆగస్టులో వచ్చింది. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన ఎన్టీఆర్‌ని గవర్నర్ రామ్‌లాల్ దించేసి, నాదెండ్ల భాస్కరరావుని ముఖ్యమంత్రిని చేశారు. ఎమ్మెల్యేలని కాపాడుకోవడానికి స్టూడియోల్లో, పక్క రాష్ట్రంలో దాచుకోవాల్సి వచ్చింది. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్ళీ ప్రమాణం చేశారు. నాకు అప్పటికి ఊహ తెలియదు గానీ, ఆ నెల రోజులు రేడియో దగ్గరే కూర్చున్నామని బాపు ఇప్పటికీ చెబుతాడు.

తర్వాత ఆరు నెలలు తిరక్కుండానే, 1985 మొదట్లో, పార్లమెంటు ఫిరాయింపుల చట్టం చేసింది. పార్టీ వదిలితే సీటు పోతుంది. పార్టీ విప్ జారీ చేశాక ఎదురు ఓటేసినా, ఓటింగుకి రాకపోయినా, పార్టీ పదిహేను రోజుల్లో మన్నించకపోతే సీటు పోతుంది. తీర్పు చెప్పేది స్పీకర్. మూడో వంతు మంది కలిసి చీలిపోతే మాత్రం తప్పు కాదన్నారు. 2003లో ఆ వెసులుబాటు తీసేశారు. మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే 'విలీనం' అన్నది మాత్రం మిగిలింది.

మా ఐటీ భాషలో చెప్పాలంటే ఇది తిరగబడిన వాలిడేషన్. ఒక్కడు గోడ దూకితే ఎర్రర్. గుంపుగా దూకితే సక్సెస్! 2018 డిసెంబరులో తెలంగాణలో కాంగ్రెస్‌కి 19 మంది గెలిచారు. ఒకాయన ఎంపీగా గెలిచి వెళ్ళిపోతే మిగిలింది 18. పద్దెనిమిదిలో మూడింట రెండు వంతులు ఎంతో మీ పిల్లల్ని అడగండి. 2019 జూన్‌లో టీఆర్ఎస్‌లో విలీనమైంది సరిగ్గా అంతమందే, 12.

లెక్క కుదరకపోయినా భయం లేదు, స్పీకర్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి వచ్చినవి 67. తర్వాత అందులో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్ళారు, నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులు కూడా అయ్యారు. ఎవరి సీటూ పోలేదు. 2019లో తెలుగుదేశానికి వచ్చినవి కూడా సరిగ్గా 23. దేవుడి లెక్క అనేవాళ్ళున్నారు, నేను కంప్యూటర్ సైన్స్ చదివినవాణ్ణి, కాకతాళీయం అంటాను. తెలంగాణలో 2023 తర్వాత బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్ వైపు వెళ్ళిన పదిమంది సంగతి మూడు నెలల్లో తేల్చమని, 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కి చెప్పాల్సి వచ్చింది. నిన్న మోసపోయినవాళ్ళే ఇవాళ తలుపు తీసి లోపలికి పిలుస్తున్నారు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాక అది అడిగింది: "పార్టీ తెచ్చిన బిల్లు తాత వాళ్ళ ఊరికి నష్టం చేసేదైతే, ఎమ్మెల్యే దానికి కూడా ఎస్ అనాలా?"

అప్పుడు 2014 ఫిబ్రవరి గుర్తొచ్చింది. తెలంగాణ బిల్లు వేళ, సీమాంధ్ర కాంగ్రెస్ ఎంపీలు ఆరుగురు సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాసం నోటీసు ఇచ్చారు. పార్టీ ఆరుగురినీ బహిష్కరించింది, ఆ బహిష్కరణతో సీట్లు మాత్రం పోలేదు. ఆ రోజుల్లో మా బాపు వాళ్ళని తిట్టని తిట్టు లేదు. ఆ సంగతే గుర్తుచేసి, "వాళ్ళ సీట్లు కూడా పీకేయాల్సిందా బాపూ?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. వీడియో ఆగిపోయిందేమో అనుకున్నాను.

"వాళ్ళ ఊరోళ్ళు గట్లనే అడిగిన్రు గద మరి," అన్నాడు చివరికి. "నాకు నచ్చకపోతే ఏంది. వాళ్ళకు ఓటేసింది నేను గాదు గద."

బాపుని చూసి నేను గర్వపడిన రోజుల్లో అదొకటి. రెండూ వేరని నాకు స్పష్టమైంది కూడా ఆ మాటతోనే. మెకెయిన్ పార్టీలోనే ఉండి ఒక బిల్లుకి కాదన్నాడు. కండువా మార్చినాయన ఓటరు ఇచ్చిన సీటుని తీసుకెళ్ళి అవతలివాడి చేతిలో పెట్టాడు. మన చట్టం ఇద్దరినీ ఒకే గాటన కట్టేసి, మొదటివాణ్ణి భయపెట్టి రెండోవాడికి దారి చూపిస్తోంది.

పార్టీ తన చేతిలో ఉన్నవి ఏవైనా తీసుకోవచ్చు. టికెట్టు, కమిటీ, పదవి, సభ్యత్వం అన్నీ దానివే. అమెరికాలో పార్టీలు ఆ పని బాగానే చేస్తాయి. రిపబ్లికన్లు లిజ్ చేనీ నాయకత్వ పదవి 2021లో పీకేశారు, 2022 ప్రైమరీలో ఓటర్లు ఆమెను ఓడించారు. డెమోక్రాట్లలో జో లీబర్‌మన్ 2006 ప్రైమరీలో ఓడి, స్వతంత్రుడిగా నిలబడి గెలిచాడు. కానీ సీటు పార్టీది కాదు. విప్ పేరుతో సీటు తీసేయడం ప్రభుత్వం పడిపోయే ఓటింగుకీ, డబ్బు బిల్లులకీ పరిమితం చేయాలని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ ఈ ధోరణిలోనే చెప్పింది. ప్రభుత్వం ప్రమాదంలో పడినప్పుడు తప్ప విప్ వద్దని 1999లో లా కమిషన్ అంది. ఎవరూ వినలేదు. విప్ వదులైతే ఒక్కో బిల్లుకీ సూట్‌కేసులు తిరుగుతాయని బాపు భయం. ఆ భయం తప్పని నేను అనలేను. అయినా చేసిన పనికి ఓటరు దగ్గర జవాబు చెప్పుకోమనడమే నాకు మేలనిపిస్తుంది.

మన దగ్గర అలా ఒకసారి జరిగింది కూడా. 2011 డిసెంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద అవిశ్వాసానికి ఓటేసినందుకు 17 మంది ఎమ్మెల్యేల మీద 2012 మార్చిలో వేటు పడింది. వేటు వేసిన స్పీకర్ నాదెండ్ల మనోహర్, 1984 నాటి భాస్కరరావు గారి అబ్బాయి! జూన్‌లో ఉప ఎన్నికలొచ్చాయి. పద్నాలుగు మందిని అక్కడి జనం మళ్ళీ గెలిపించారు, ముగ్గురిని ఇంటికి పంపారు.

ఇక నేను మాస్టర్స్ చేసిన మా టెక్సస్ కథ. ఫిల్ గ్రామ్ అని ఎకనామిక్స్ ప్రొఫెసరు, డెమోక్రాట్ కాంగ్రెస్ సభ్యుడు. రీగన్ బడ్జెట్‌కి సాయం చేశాడని పార్టీ ఆయన్ని బడ్జెట్ కమిటీలోంచి తీసేసింది. రిపబ్లికన్‌గా మారాలనుకున్నాడు. ఇక్కడ ఏ చట్టమూ అడ్డు రాదు. 2001లో జెఫర్డ్స్ అనే సెనేటర్ పార్టీ వదిలితే మొత్తం సెనేటే చేతులు మారింది, ఆయన సీటు ఆయనకే ఉంది. గ్రామ్ మాత్రం 1983 జనవరి మొదట్లో సీటుకి రాజీనామా చేసి, అదే సీటుకి రిపబ్లికన్‌గా నిలబడి ఫిబ్రవరి 12న గెలిచాడు.

బాపుకి ఈ కథ చెబితే మధ్యలోనే ఆపాడు.

"ఆగాగు. రాజీనామాకీ ఎలక్షన్‌కీ నడుమ ఎన్ని దినాలు?"

"నలభై కూడా లేవు బాపూ."

"ఎవలన్న కోర్టుకు పోయిన్రా?"

"అవసరం రాలేదు."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అమ్మకిస్త ఆగు," అని ఫోన్ అమ్మకిచ్చి లేచాడు. వెనకనుంచి మాత్రం, "ఆ ప్రొఫెసర్ పేరేందో ఒక కాగితం మీద రాసి పంపురా," అన్నది వినబడింది.