పిల్లల పత్రికకు వార్తల పరీక్షా?

యాభై గ్రాములు దాటి వంద గ్రాముల లోపు తూగే ఒక పిల్లల పత్రికను హైదరాబాద్ నుంచి సూర్యాపేట దగ్గరి ఊరికి పంపాలి. ఆ పత్రికకు తపాలా శాఖ దగ్గర రిజిస్టర్డ్ న్యూస్‌పేపర్ గుర్తింపు ఉంటే దశాబ్దాలుగా నడిచిన రేటు 50 పైసలు. ఆ గుర్తింపు లేక, కాపీ పోకుండా చేరాలని స్పీడ్ పోస్టులో వేస్తే 2025 అక్టోబరు నాటి ధరల ప్రకారం 59 రూపాయలు, ఆపైన జీఎస్టీ. మధ్యలో మరో దారి, 2025 మేలో వచ్చిన జ్ఞాన్ పోస్ట్. దాని కనీస రుసుము 20 రూపాయలు. అది 300 గ్రాముల పుస్తకాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన ధర, పైగా ప్రకటనలు వేసుకునే ప్రచురణలకు అందులో చోటు లేదు. మోసేది అదే కాగితం, తీసుకెళ్లేది అదే పోస్ట్‌మ్యాన్. తేడా అంతా పత్రికను ఏ గడిలో వేశారన్న దగ్గరే వస్తోంది. కాబట్టి చిన్న పిల్లల పత్రికల పోస్టేజీ గురించి మాట్లాడాలంటే ముందు చూడాల్సింది ధరల పట్టికను కాదు, ఆ గడిని.

గడిని గీసింది 2024 దాకా అమల్లో ఉన్న 1898 నాటి ఇండియన్ పోస్టాఫీసు చట్టం. దాని తొమ్మిదో సెక్షన్ ప్రకారం న్యూస్‌పేపర్ అంటే పూర్తిగా గానీ అధిక భాగం గానీ రాజకీయ వార్తలో ఇతర వార్తలో, వాటి మీద వ్యాసాలో, వర్తమాన విషయాలో ఉండాలి. ముప్పై ఒక్క రోజులు మించకుండా సంచిక రావాలి. నిజమైన చందాదారుల జాబితా ఉండాలి. జాబితా షరతు న్యాయమైనదే. మొదటి షరతు దగ్గరే చిక్కు. కథలు, పొడుపు కథలు, చిన్న సైన్సు ప్రయోగాలు, పిల్లలు వేసిన బొమ్మలు — ఇవి వర్తమాన విషయాలా? అధికారి ఉదారంగా చదువుకుంటే అవును, అక్షరం పట్టుకుంటే కాదు. తక్కువ రేటు హక్కుగా అడిగే వీలు సంపాదకుడికి ఉండదు, దయగా దొరకాలి. 1898 చట్టానికి పందొమ్మిదేళ్ల ముందే, 1879లో, అమెరికా చేసుకున్న తపాలా చట్టం ప్రజోపయోగ సమాచారంతో పాటు సాహిత్యం, శాస్త్రాలు, కళల పత్రికలకూ చౌక రేటు వర్తిస్తుందని నేరుగా రాసుకుంది. మన దగ్గర న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ 1945లో, ‘చందమామ’ 1947 జులైలో మొదలయ్యాయి. అప్పటికీ ఆ తర్వాతా ఆ నిర్వచనంలో పిల్లలన్న మాటే లేదు. పోస్టేజీ వల్లే ‘చందమామ’ ఆగిందని నేననను. దాని కారణాలు వేరు. కానీ అంత పేరూ పెట్టుబడీ లేని పత్రిక బతకాలంటే చందా మీదే బతకాలి, చందా బతికేది పోస్టాఫీసు మీద.

రేటు దొరికినా మరో మెలిక ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒకే సంచిక కాపీలు కొన్ని కలిపి కట్టగా పంపితే వంద గ్రాములకు 50 పైసలు, ఆపై ప్రతి వంద గ్రాములకు 20 పైసలు. అయితే ఆ కట్టను చిరునామా ఇంటికి బట్వాడా చేయరు. గుర్తింపు పొందిన ఏజెంటు పోస్టాఫీసుకు వచ్చి తీసుకోవాలి. పట్నంలో దినపత్రిక కట్టలకు ఇది సరిపోయే ఏర్పాటు, ఏజెంటు ఎలాగూ ఉంటాడు. పిల్లల పత్రికకు ఏజెంటెవరు? దాని కట్ట వెళ్లేది బడికి. ఇద్దరే టీచర్లున్న ప్రాథమిక పాఠశాలలో ఒకరు పని వేళల్లో వెళ్లి కట్ట తెచ్చుకుంటే సగం బడి ఖాళీ. ముప్పై ఒక్క రోజుల షరతూ అంతే. డబ్బు కూడినప్పుడే అచ్చు వేసే చిన్న పత్రిక రెండు నెలలకో మూడు నెలలకో వస్తుంది, అంతే, గడి బయటికి పోతుంది.

తపాలా శాఖ ఇప్పటికే నష్టంలో ఉంది, ఇంకా రాయితీలా అన్నది న్యాయమైన ప్రశ్న. 50 పైసలతో బట్వాడా ఖర్చులో ఆవగింజంత కూడా రాదు. అందుకే అన్ని పత్రికలకూ ఇంకా తగ్గించమని అడగడం లేదు. పెద్ద దినపత్రికలకు సొంత వ్యాన్లున్నాయి, తెల్లవారేసరికి ఏజెంట్లున్నారు, పోస్టు లేకపోయినా వాటికి రోజు గడుస్తుంది. రాయితీ బరువును బట్టే కాక కాపీల సంఖ్యను బట్టీ ఉంటే ఖజానాకూ హద్దు ఉంటుంది: మొదటి కొన్ని వేల కాపీలకు పాత రేటు, ఆపైన మెట్లు మెట్లుగా పెంపు. దీనికి బదులు ఖర్చును బట్టే ధర అనే సూత్రం వినడానికి బాగుంటుంది, కానీ దాని ఫలితం చూడాలి. 2007లో అమెరికా తపాలా శాఖ పత్రికల రేట్లు దాదాపు ఆ దారినే సవరించింది. ముందే పిన్‌కోడ్ వారీగా వేరు చేసి, పెద్ద పెద్ద మోపులుగా అందించగల సంస్థలకు వెసులుబాటు దక్కింది, ఆ స్థోమత లేని చిన్న పత్రికల మీద పెంపు ఎక్కువ శాతం పడింది. వేలకు వేలు కాపీలుంటేనే చవక అన్నాక చిన్నది చిన్నదిగానే ఉండిపోతుంది.

పిల్లలు ఫోనులో చదువుకుంటున్నారు, కాగితం ఎందుకన్న వాదన కూడా ఉంది. ఇంట్లో ఫోను ఉండటం వేరు, అది పిల్లాడి చేతిలో ఉండటం వేరు. ఉన్న ఒక్క ఫోనూ పొద్దంతా తండ్రితో పనికి పోతుంది. చేతికొచ్చినా అందులో పత్రిక తెరుస్తారన్న నమ్మకం నాకైతే లేదు. పోస్టు అలా కాదు, దేశంలోని లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసుల్లో అత్యధికం పల్లెల్లోవే. వాటి బట్వాడా ఉత్తరాలు తగ్గినా ఆగలేదు, సంచీలో చోటుంది. ఇక దొంగదారి సంగతి: ట్యూషన్ సెంటర్ల కరపత్రాలు పిల్లల పత్రిక వేషంలో రావా? వస్తాయి. ప్రకటనల పేజీలకు పరిమితి, డబ్బు కట్టిన చందాదారుల జాబితా తనిఖీ, ప్రెస్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు — ఈ మూడూ ఉంటే చాలామటుకు ఆగుతాయి. కొన్ని జారిపోతాయేమో, ఆ భయంతో అసలు పత్రికలను బయట నిలబెట్టడం సరికాదు.

ఈ పనికి ఇప్పుడు పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టం సేవల రుసుములు నిర్ణయించే అధికారాన్ని తపాలా డైరెక్టర్ జనరల్‌కు అప్పగించింది. 2024 డిసెంబరులో పుస్తకాల చౌక రిజిస్టర్డ్ సేవ ఆగిపోతే ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు, ఆరు నెలలు తిరక్కుండా జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. తలచుకుంటే ఎంత త్వరగా అవుతుందో శాఖే చూపించింది. ‘బాలల పత్రిక’ అన్న ప్రత్యేక వర్గం, అందులో వార్తల షరతు తీసివేత, మూడు నెలల వరకు విరామానికి అనుమతి, బడి పేరున వచ్చిన కట్టను బడి గుమ్మం దగ్గరే అందించడం — ఒక్క ఉత్తర్వులో ఇవన్నీ పడతాయి. అన్నిటికంటే ముందు ఆ కట్ట నిబంధన మార్చాలి. దానికి ఖర్చు దాదాపు లేదు, పోస్ట్‌మ్యాన్ ఎలాగూ ఆ బడి ముందు నుంచే వెళ్తాడు.