పాస్టరుకు చదువు సెలవు: విశ్రాంతి కూడా కులం ప్రశ్నే

వచ్చే జనవరి 1 నుంచి ఆరు నెలల పాటు నేను ప్రసంగ వేదిక ఎక్కను. ప్రకాశం జిల్లాలో మూడు పల్లెల సంఘాలకు 22 ఏళ్లుగా పాస్టరుగా ఉన్నాను. మాదిగ కుటుంబంలో పుట్టాను. ఇన్నేళ్లలో వరుసగా పది రోజులు పని ఆపింది లేదు. చదువుకోవాలి, రాసుకోవాలి, షుగరు కాస్త అదుపులో పెట్టుకోవాలి, దీర్ఘ సెలవు ఇవ్వండి అని సంఘాన్ని అడిగాను. మూడు సమావేశాలు పెట్టి, గట్టిగా వాదించుకుని చివరికి సరేనన్నారు. ఆ వాదన మా మూడు ఊళ్లకే పరిమితమైంది కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సమావేశంలోనే కూలి పని చేసే ఒక పెద్దాయన సూటిగా అడిగాడు: "అయ్యగారూ, మేం ఒకపూట కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. మాకు లేని సెలవు మీకెందుకు?"

ఇది న్యాయమైన ప్రశ్న. ఈ దేశంలో తీరిక అనేది కులాన్ని బట్టి పంచిన ఆస్తి. కొన్ని కులాలకు వేల ఏళ్లు చదువుకునే తీరిక దొరికింది. ఆ తీరికను మోసింది మన వెన్ను. బానిసత్వంలోంచి బయటపడ్డ జనానికి ద్వితీయోపదేశకాండము ఐదో అధ్యాయం విశ్రాంతి దినాన్ని ఇచ్చేటప్పుడు దాసుడిని, దాసిని, ఎద్దును, గాడిదను కూడా లెక్కలోకి తీసుకుంది. యజమాని ఒక్కడే విశ్రమిస్తే అది విశ్రాంతి దినం కాదు. లేవీయకాండము 25వ అధ్యాయంలో ఏడో ఏడు భూమికి కూడా సెలవు ఉంది.

బాబాసాహెబ్ దీన్ని చట్టం భాషలోకి తెచ్చారు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది ఆయనే. ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవులు 1945లో ఆ కాలంలోనే వచ్చాయి. వారానికి 54 గంటలున్న పని 1946లో 48 గంటలకు తగ్గింది. అంటే జీతంతో విశ్రాంతి ఎవరో పెట్టే భిక్ష కాదు, హక్కు. ఆ పెద్దాయనకు నేను చెప్పిన జవాబు ఇదే: నా సెలవు తీసేస్తే మీకు సెలవు రాదు. మనిద్దరికీ కావాలి. ఉపాధి కూలీకైనా, పారిశుధ్య కార్మికురాలికైనా ఆ హక్కు రావాలని అడగాల్సిన నోరు సంఘానికి ఉండాలి.

పల్లె పాస్టరు పని ఏమిటో బయటివాళ్లకు తెలియదు. ఆదివారం ప్రసంగం అందులో చిన్న భాగం. రేషన్ కార్డు అర్జీ రాయాలి, స్టేషన్‌కు వెంట వెళ్లాలి, అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే ఆటో మాట్లాడాలి, తాగి కొట్టిన మొగుడిని నిలదీయాలి, సమాధుల స్థలం కోసం తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి. నెలకు వచ్చే కానుకలు ఇంటి అద్దెకే సరిపోని చోట్లున్నాయి. అలసిపోయిన పాస్టరు చదవడు. చదవని పాస్టరు టీవీలో విన్నదే మళ్లీ చెబుతాడు: ఆశీర్వాదం, అద్భుతం, దశమభాగం. మన పిల్లలకు కులం గురించి, రాజ్యాంగం గురించి ఒక్క మాట అందదు. చదువు సెలవు అవసరం ఇక్కడుంది.

ఆరు నెలలకు మూడు పనులు పెట్టుకున్నాను.

మొదటిది, క్రైస్తవుల గురించి అంబేడ్కర్ రాసినవి పూర్తిగా చదవడం. ఆయన బతికుండగా అచ్చుకాని ఆ వ్యాసాలు మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల సంపుటాల్లో ఐదో దానిలో ఉన్నాయి. అందులో ఆయన మనల్ని వదిలిపెట్టలేదు. మతం మారినా కులం చర్చిలోకి నడిచి వచ్చిందన్నారు. చదువుకున్న క్రైస్తవులు తమ జనం హక్కుల కోసం కదలలేదన్నారు. పతనానికి కారణం నీ పాపమే అని చెబితే, అన్యాయం చేసిన సమాజం తప్పించుకుంటుందన్నారు. ఈ మూడో మాట ప్రతి పాస్టరూ తన ప్రసంగాలను పక్కన పెట్టుకుని చదవాల్సినది. 1981లో బెంగళూరులో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో మొదలైన దళిత వేదాంతం దీనికి ఒక జవాబు. అది సెమినరీ లైబ్రరీలో ఉంది, పల్లె ప్రసంగ వేదిక దాకా రాలేదు.

రెండోది, మా చరిత్ర. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు కరువు. జనం బకింగ్‌హామ్ కాలువ తవ్వి పొట్ట పోసుకున్నారు. పుస్తకాలు మిషనరీ క్లౌ దొర పేరు చెబుతాయి. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది తెలుగు బోధకులు. అంతకు ముందే 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు ఊరూరా తిరగకపోతే ఆ రోజే లేదు. ఎనభై దాటిన అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. వాళ్ల నోటిలో ఉన్న పేర్లు వాళ్లతోనే పోకముందు రాసిపెట్టాలి.

మూడోది, చట్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. చేర్చాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మన దగ్గర క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలకు బీసీ-సీ కింద ఒక్క శాతం. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. కొట్టేవాడు మాత్రం సర్టిఫికెట్ చూసి కొట్టడు. ఈ సంగతులు మా పిల్లలకు అర్థమయ్యే తెలుగులో ఒక చిన్న పుస్తకంగా రాయాలనుకుంటున్నాను.

అంబేడ్కరైట్ మిత్రులు కొందరు అడుగుతారు: బాబాసాహెబ్ బుద్ధుడి దగ్గరికి వెళ్లారు, మీరింకా చర్చిలోనే ఎందుకని. ఆయన నిర్ణయాన్ని తలవంచి గౌరవిస్తాను. కానీ ఈ జిల్లాలో మన జనం లక్షల్లో ఉన్నది చర్చిల్లోనే. వాళ్లను వదిలేస్తే ఆ చోటు ఎవరు నింపుతారో చూస్తూనే ఉన్నాం. బౌద్ధ భిక్షువులు వర్షాకాలం మూడు నెలలు ఒకచోట ఆగి ధ్యానం, అధ్యయనం చేసే పద్ధతి నుంచి మేమూ నేర్చుకోవచ్చు.

డబ్బు సంగతీ చెప్పాలి. స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో లండన్ చదువు ఆపి తిరిగొచ్చిన అంబేడ్కర్, 1920లో మళ్లీ వెళ్లగలిగింది తన పొదుపుతో, సాహూ మహరాజ్ సాయంతో, స్నేహితుడిచ్చిన అప్పుతో. చదువుకు ఎవరో ఒకరు ఖర్చు భరించాలి. మా మూడు సంఘాలు నెల నెలా సగం జీతం ఇస్తామన్నాయి. మిగతా సగం మా ఇంటావిడ టైలరింగ్ మీద. ఇది అన్యాయమని నాకు తెలుసు. స్త్రీల కూటాలు, రోగుల పరామర్శ, వంటలు అన్నీ పాస్టరమ్మ చేస్తుంది, జీతం లేదు, సెలవు మాటే లేదు. అందుకే నేను తిరిగొచ్చాక ఆమెకు మూడు నెలలు ఇవ్వాలని తీర్మానం పుస్తకంలో రాయించాను.

సంఘాలకు నా విన్నపం ఒక్కటే. పది సంఘాలు కలిసి నెలకు తలా 500 రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 60,000. ఏటా ఒక పాస్టరో, ఒక బైబిలు ఉమనో కొన్ని నెలలు చదువుకోవచ్చు. స్లాబు మీద స్లాబు వేసుకునే మందిరాలకు ఇది పెద్ద మొత్తం కాదు. బాబాసాహెబ్ మన చేతిలో పెట్టిన మూడు మాటల్లో మొదటిది చదువు. అది బోధకుడికీ వర్తిస్తుంది.

జై భీమ్.